నాలుగో మంచం తొందర

పొద్దున రెండుసార్లు నెత్తురు కక్కుకుని చేరిన నాలుగో మంచం ఆయన, మధ్యాహ్నానికల్లా వార్డు పీకి పందిరేశాడు. పది నిమిషాలకోసారి బెల్లు నొక్కడం, సిస్టర్ రాగానే అదే పాట. పక్క మంచం పెద్దాయన చెవుల్లో దూది కుక్కుకున్నాడు.

"ఇప్పుడే గొంతులోంచి కెమెరా దింపండి సిస్టర్. ఎక్కడ కారుతోందో చూసి ఆపేయండి. రేపటిదాకా ఉంటానో లేదో."

"ఉంటారు," అంది సిస్టర్, సెలైన్ సీసా మారుస్తూ. "వాంతులు ఆగాయి. బీపీ నిలబడింది. మందు ఎక్కుతోంది. ముందు మనిషి కుదుటపడాలి, తర్వాతే కెమెరా. ఇరవై నాలుగు గంటల్లోపు చేస్తే చాలు. అంతకంటే తొందరపడితే ఒరిగేదేమీ లేదు."

"ఆ చిలకపలుకులు నా దగ్గరొద్దు. కడుపు మీది కాదుగా."

ఆమెకు ఓపిక నశించింది. "నా మాట మీద నమ్మకం లేకపోతే, కెమెరా వేసే డాక్టరుగారినే అడుగుదాం," అని ఫోన్ తీసి నంబరు నొక్కింది.

నాలుగో మంచం తలగడ కింద ఫోన్ మోగింది.

ఆయన అలవాటుగా తీసి చెవికి ఆనించుకున్నాడు. "ఆఁ, చెప్పండి సిస్టర్. వాంతులు ఆగాయా? బీపీ బాగుందా? అయితే రేపు పొద్దున చూద్దాం. పేషెంటు గోల పెడితే పట్టించుకోకండి."

ఫోన్ పెట్టేసి, దిగాలుగా ఆమె వైపు చూశాడు.

"రేపే అంటున్నాడు. మొండిఘటం."

"మాకు పదేళ్లుగా తెలుసు సార్," అంది సిస్టర్, ఆయన దుప్పటి సర్దుతూ.