అడక్కుండా తెచ్చిన కొమ్మ

"కొమ్మ మీద చెయ్యి పడిందా, ఊరుకోను!"

కోటిరత్నం అరుపుకి అద్దంకిలో ఆ వీధంతా అలవాటు పడిపోయింది. ఆవిడ పెరట్లో ఉన్నవన్నీ మందారాలే. నలభై రకాలు. ఏ ఊరు వెళ్ళినా అక్కడ లడ్డూలు కాదు, కొమ్మలు మూటగట్టుకొచ్చే రకం.

ఎవరు కొమ్మ అడిగినా ఒకటే జవాబు. "ఇవ్వను."

అడిగి తెచ్చిన కొమ్మ కంటే అడక్కుండా తెచ్చిందే బాగా నాటుకుంటుందని ఆ వీధి ఆడవాళ్ళ నమ్మకం. పక్కింటి వెంకటరావమ్మది మరీ గట్టి నమ్మకం. పోయిన వానాకాలం, గోడ దాటి వీధిలోకి వంగిన ఊదారంగు ముద్దమందారాన్ని చూసి ఆగలేకపోయింది. గోడ మీద కత్తెర కూడా ఉంది. కోటిరత్నం ఎప్పుడూ అక్కడే మర్చిపోతుంది. అంత నోరున్న మనిషికి ఇంత మతిమరుపు!

కొమ్మ చీర చెంగులో ఇల్లు చేరి, నీళ్ళ డ్రమ్ము వెనక కుండీలో కాపురం పెట్టింది.

ఈ ఏడు పత్తి చేలల్లోని పిండినల్లి పురుగు ఊళ్ళోకొచ్చింది. మందారాలన్నీ పిండి చల్లినట్టు తెల్లబడ్డాయి. కోటిరత్నం పచ్చిమిర్చి, వెల్లుల్లి దంచి కషాయం కొట్టింది. వీధంతా తుమ్మింది. పురుగు మాత్రం తుమ్మలేదు. ఆఖరికి మొక్కలన్నీ పీకి తగలబెట్టాల్సొచ్చింది.

"మిగతావి ఎలాగో సంపాదిస్తా. ఆ ఊదాది మా అమ్మ పెరట్లోది. వినుకొండలో ఇప్పుడు ఆ పెరడే లేదు. ఇంకెక్కడా దొరకదు," అని గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పింది కోటిరత్నం. ఎవరి మీదా అరవలేదు.

ఆ అరవకపోవడమే వెంకటరావమ్మ తట్టుకోలేకపోయింది. డ్రమ్ము వెనకున్న మొక్కని పురుగు కూడా కనిపెట్టలేదు మరి. ఇస్తే తను దొంగ. ఇవ్వకపోతే ఆ పువ్వు కోటిరత్నానికి ఇక లేదు.

రాత్రంతా దొర్లి, తెల్లారాక కుండీని కొంగు కింద దాచుకుని బయల్దేరింది. కుండీ దాగలేదు.

"వదినా, తిడితే తిట్టు. పోయినేడు ఈ కొమ్మ నేనే..."

కోటిరత్నం తిట్టలేదు. రెండు చేతులా కుండీ అందుకుని, చిగురు తడిమి చూసింది. వరండాలో అప్పటికే బారులు తీరిన మందారం కుండీల పక్కన పెట్టింది. వీధిలో తనలాంటి వాళ్ళు ఇంతమందా అని వెంకటరావమ్మ నోరు తెరిచింది.

కోటిరత్నం లోపలున్న మొగుడికి కేకేసింది.

"ఏవండీ, ఊదాది కూడా వచ్చేసింది, ఇక ఆ కత్తెర మళ్ళీ గోడ మీద పెట్టి రండి!"