రెండింటికీ పేరిచ్చిన బాతు

బాతు పైడమ్మకు మూడేళ్లు. రోజూ తెల్లారగానే చెరువంతా ఈది, ఒళ్లు ఆరకముందే గట్టు మీద పరుగెత్తడం ఆమెకు అలవాటు. అడవి కాలేజీ పోటీల్లో ఈతకూ, పరుగుకూ పేరిచ్చింది.

ఆటల మాస్టారు కొంగ ఒంటికాలి మీద నిలబడి జాబితా చూశారు. "ఒకటి కొట్టేస్తున్నాను. రెండు పడవల మీద కాళ్లేస్తే మునుగుతావమ్మా."

"బాతుని, నేను మునగను మాస్టారూ. నిరుడు మీ క్లాసులకు వస్తూనే పన్నెండు గుడ్లు పొదిగాను. అప్పుడు ఏదో ఒకటే చెయ్యమని ఒక్కరూ అనలేదేం?"

కొంగ మెల్లగా రెండో కాలు కిందికి దించారు. పేరు కొట్టెయ్యలేదు.

ఈతలో పైడమ్మ మొదట వచ్చింది. పరుగులో ఆఖరున వస్తే కోడిపుంజులు పడీపడీ నవ్వాయి. మరుసటేడు ఆమె మళ్లీ రెండింటికీ పేరిచ్చింది.