లైనున్న ఒక్క ఇల్లు

"మీ ఊళ్లో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇప్పిస్తా" అని చెల్లెలికిచ్చిన మాట ఇరవై ఏళ్ల క్రితమే తప్పాను.

బావ అక్కడ చిన్న నెట్ కంపెనీ పెట్టి ప్రభుత్వ సబ్సిడీ అడిగాడు. మంజూరు చేసే అధికారిని నేనే. కానీ ఊళ్లో ఒక్క ఇంటికి వేరే కంపెనీ లైనున్నా ఇవ్వకూడదని రూలు రాశారు మా మేధావులు. పోటీలో ఉన్న ఓ పెద్ద కంపెనీ, తమ లైనుందంటూ ఒక ఇల్లు చూపించింది. దరఖాస్తు కొట్టేశాను. బావ కంపెనీ మూతపడింది. సొంత బావనైనా చూడని నిజాయితీపరుడని ఆఫీసంతా నన్ను పొగిడింది.

నిన్న మా వరండాలో చెల్లెలు మళ్లీ అడిగింది. "ఆ ఒక్క కొంప ఎవరిదన్నయ్యా? ఇప్పటికైనా చెప్పు, వెళ్లి కడిగిపారేస్తా."

"పాత ఫైలు, గుర్తులేదమ్మా" అన్నాను.

రిటైరయ్యాక ఉందామని అప్పట్లో ఆ ఊళ్లోనే కట్టుకున్న ఈ ఇంటికి, పెద్ద కంపెనీ ఉచితంగా వేస్తానంటే లైను వేయించుకున్నాను. కంపెనీని ఎప్పుడో క్షమించాను. క్షమించలేనిది ఈ ఇంటివాణ్ణే.