ఎడమ పక్క గాలి

“ఏయ్ పెద్దాయనా! ఆ తాడు దాటి రాకూడదని తెలీదూ?”

మేస్త్రి అరుపుకి షెడ్డులో పనిచేస్తున్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు.

బూడిద రంగు స్వెట్టరు వేసుకున్న ఆ ముసలి మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు. చూపు మాత్రం రేసు కారు మీద నుంచి తిప్పలేదు.

మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుంది. అతను దగ్గర లేనప్పుడు పనివాళ్ళు అతన్ని మిరపకాయ అనేవారు. ఈ రోజైతే మరీ మండిపోతున్నాడు. కారు నడపబోయేది సొంత తమ్ముడు. వాడికిదే మొదటి రేసు. “వాణ్ణి నీ చేతుల్లో పెడుతున్నా. ఎలా తీసుకెళ్ళావో అలా తీసుకురా” అని తల్లి పొద్దున్నే మరీ మరీ చెప్పి పంపింది.

పసుపుపచ్చ కారు గుర్రుమంటోంది. దాని తలుపుల వెనక, చేపకి మొప్పలున్నట్టు, చెరో పక్కా ఒక గాలి రంధ్రం. కుడి పక్కది ఇంజన్ ఊపిరి పీల్చుకోవడానికి. ఎడమ పక్కది రేడియేటరుకి గాలి తగిలి ఇంజన్ చల్లబడటానికి. చలిగా ఉన్న రోజుల్లో ఇంజన్ తొందరగా వేడెక్కాలని ఆ ఎడమ పక్క రంధ్రాన్ని టేపుతో మూసేస్తారు. కారు బయల్దేరే ముందు పీకేస్తారు.

ఎక్కడైనా దానికి నల్ల టేపే వాడతారు. ఫొటోల్లో ముచ్చటగా ఉంటుందని మేస్త్రి మాత్రం కారు రంగుదే, పసుపుపచ్చది తెప్పించాడు.

టైర్లు చూసే బావమరిది నెమ్మదిగా నోరు విప్పాడు.

“బావా, టేపు సంగతి మర్చిపోకు. పోయినేడాది నీలం కారు కుర్రాడు అలాగే కదా పోయాడు? టేపు తియ్యకుండానే పంపేశారట. నీళ్ళు మరిగి, గొట్టం పగిలి, ఆ నీళ్ళు వెనక టైర్ల కిందే పడి...”

“నోర్ముయ్! శుభమా అని వాడు బయల్దేరుతుంటే ఆ చావు కబురు ఇప్పుడా? టేపు తియ్యడం మర్చిపోయే మెకానిక్కు ఎక్కడైనా ఉంటాడట్రా? వాడికి నడపడం చేతకాలేదు, పోయి గోడకి గుద్దాడు. అంతే!”

గిర్రున తిరిగేసరికి స్వెట్టరు మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు.

“నువ్వింకా పోలేదా?”

“బాబూ, ఇంజన్ వేడెక్కినట్టుందే...”

“వేడెక్కితే నీకేం, చల్లబడితే నీకేం? పో అవతలికి!”

ఇంతలో హారన్ మోగింది. కార్లన్నీ లైనులోకి రమ్మని పిలుపు.

సరిగ్గా అప్పుడే ముందు టైరులో గాలి తక్కువగా ఉందని తేలింది. ఇంకేముంది! మేస్త్రి బావమరిది మీద ఒంటికాలి మీద లేచాడు. నీకు తిండెందుకు దండగ అన్నాడు, మా చెల్లెలి ఖర్మ అన్నాడు. అతను తిట్టిపోస్తూ ఉండగానే బావమరిది గాలి పట్టేశాడు, అధికారి జెండా ఊపాడు, తమ్ముడు కారు కదిలించాడు.

కారు తాడు పక్క నుంచి వెళ్తుండగా స్వెట్టరు మనిషి తాడు కింద నుంచి దూరి వచ్చాడు. దాని పక్కనే పరిగెడుతూ చెయ్యి చాచాడు.

చర్రుమంది.

కారు వెళ్ళిపోయింది. అతని చేతిలో పసుపుపచ్చ ముక్క మిగిలింది.

“నా కారు స్టిక్కరు పీకేస్తావా!”

మేస్త్రి ఒక్క ఉరుకులో వెళ్ళి స్వెట్టరు పట్టుకున్నాడు.

“ఎవడు పంపాడు నిన్ను? ఆ పక్క షెడ్డువాళ్ళా?”

“బాబూ, గాలి...”

మాట పూర్తి కానివ్వలేదు. ఒక్క తోపు తోశాడు. ఆ మనిషి వెల్లకిలా పడ్డాడు. కళ్ళజోడు ఎగిరి పడి ముక్కలైంది.

“ఈ మనిషిని గేటు బయటికి గెంటండి! మళ్ళీ ఇక్కడ కనిపించాడంటే కాళ్ళు విరగ్గొడతా!”

కాపలావాళ్ళు రెక్క పట్టుకుని తీసుకెళ్ళారు. అతను గింజుకోలేదు. గుప్పిట మాత్రం విప్పలేదు.

రేసు అయింది. తమ్ముడు మూడోవాడిగా వచ్చాడు. హెల్మెట్ తీస్తూనే అన్నని వాటేసుకున్నాడు.

“అన్నయ్యా, భలే భయపెట్టావు! షెడ్డులోంచి బయల్దేరుతుంటే వేడి ముల్లు సర్రున లేచింది. టేపు తియ్యలేదేమో అనుకున్నా. అద్దంలో చూస్తే అంతా పసుపుపచ్చే, ఏది టేపో ఏది కారో తెలిసి చస్తేగా! అంతలోనే ముల్లు దిగిపోయింది. ఎప్పుడు పీకావు?”



పీకిన టేపుని పనిముట్ల పెట్టె మూత మీద అంటించడం మేస్త్రికి అలవాటు. వెళ్ళి చూశాడు. మూత మీద ఏమీ లేదు.

గేటు దాకా పరిగెత్తాడు.

“ఇందాకటి పెద్దాయన ఏడీ?”

“మీరే కదండీ గెంటించారు!” కాపలా మనిషి కసిరినట్టే అన్నాడు. “కళ్ళజోడు లేక గోడ తడుముకుంటూ వెళ్ళాడు పాపం.”

“ఎటు వెళ్ళాడు?”

“ఏమోనండీ. ఏడాదిగా ఏ రేసైనా వస్తున్నాడు. ప్రతి కారు పక్కనా తొంగి చూస్తాడు. అందరూ విసుక్కునేవాళ్ళే గానీ చెయ్యి చేసుకున్నది మీరొక్కరే. ఇంక రానన్నాడు. ఇది మీకిమ్మన్నాడు.”

నలిగి ఉండకట్టిన పసుపుపచ్చ టేపు.

మేస్త్రి దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు.

“నన్ను బాగా తిట్టుకుని ఉంటాడు.”

“ఒక్క మాట అనలేదండీ. ఆ నీలం కారు కుర్రాడు వాళ్ళబ్బాయేనట, వాడికి నడపడం బాగా వచ్చని మాత్రం మీకు చెప్పమన్నాడు.”