నడవగలిగినవాళ్లు

“టోపీ తీసి కూకో బాబూ, ఉక్కగా ఉన్నాది,” అంది లక్ష్మణమ్మ, ఫ్యాను అతని వైపు తిప్పుతూ.

ధనరాజ్ కూర్చున్నాడు గానీ టోపీ తియ్యలేదు. ఎదురుగా మంచంమీద లక్ష్మణమ్మ మొగుడు గంగులు పడుకుని ఉన్నాడు. కాలికి తొడదాకా కట్టు. నిన్ననే ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. సాలూరు ఘాట్ రోడ్డులో బస్సు పల్టీ కొట్టి పదహారు రోజులయింది. ఈ దంపతులిద్దరూ ఆ బస్సులోనే ఉన్నారు. వెనక బైకుమీద వస్తూ అందరికంటే ముందు అక్కడికి చేరినవాడు ధనరాజ్.

“సూడయ్యా, నిన్ను బతికించిన బాబు ఈయనే. మిలట్రీలో డాక్టరు,” అని మొగుడికి చూపించింది.

“డాక్టర్ని కాదు పిన్నీ. నర్సింగ్ అసిస్టెంటుని.”

“మాకు నువ్వే డాక్టరువి.”

గంగులు పడుకునే చేతులు జోడించాడు. “నాకు తెలివొచ్చీసరికి నుదురంతా కుంకం ఉన్నాది బాబూ. ముసలోణ్ణి మళ్లీ పెళ్లికొడుకుని సేసీసినారేటి అనుకున్నాను.”

ధనరాజ్‌కి నవ్వు రాలేదు. ఆ రోజు దెబ్బలు తిన్నవాళ్లు ముప్పైనలుగురు, చూసేవాడు ఒక్కడు. పటాలంలో అయితే చేతికి కట్టడానికి రంగు చీటీలుంటాయి. అక్కడ దొరికినవి ఎవరి సంచిలోంచో జారిపడ్డ పసుపు, కుంకుమ పొట్లాలు. తక్షణం చూడాల్సినవాళ్లకి కుంకుమ పెట్టాడు, కాసేపు ఆగగలిగినవాళ్లకి పసుపు.

కానీ వీటన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ట్రైనింగ్ సెంటర్లో కొత్తవాళ్లకి అతను చెప్పే మొదటి పాఠం అదే. గట్టిగా కేకెయ్యాలి: ‘నడవగలిగినవాళ్లంతా ఇటు వచ్చెయ్యండి!’ లేచి నడిచారంటే ఇప్పట్లో ప్రాణభయం లేనట్టు. వాళ్లని ఓ పక్కన కూర్చోబెట్టి, కదల్లేనివాళ్ల దగ్గరికి పరిగెత్తాలి. కాసేపయ్యాక వాళ్లని మళ్లీ ఓసారి చూడాలని కూడా పాఠంలో ఉంది. ఆ కాసేపు అతనికి దొరకలేదు. కల్వర్టు వైపు చెయ్యి చూపించి కేకేశాడు, వెంటనే వీపు తిప్పేశాడు. పన్నెండుమంది నడిచివెళ్లి కూర్చున్నారు. ఒక్కరి మొహమూ చూడలేదు.

కుంకుమ పెట్టిన తొమ్మిదిమందీ బతికారు. పసుపు పెట్టినవాళ్లూ బతికారు. పోయింది ఒక్క మనిషి, అదీ ఆ నడిచినవాళ్లలో. ఊళ్లో జనం మెచ్చుకున్నప్పుడల్లా అతనికి మొహం చెల్లకుండా ఉంది.

“పిన్నీ, ఒక సంగతి కనుక్కుందామని వచ్చాను. కల్వర్టు దగ్గర నీ పక్కన నీలం చీరావిడ కూర్చుందట.”

లక్ష్మణమ్మ మొహం వాడిపోయింది. “సుభద్రమ్మ. బస్సులో నాదీ ఆయమ్మదీ ఒకే సీటు.”

“తనే నడిచిందా? ఎవరైనా పట్టుకుని నడిపించారా?”

“ఇప్పుడదెందుకు బాబూ?”

“రేపటితో నా సెలవు అయిపోతుంది. వెళ్లి మళ్లీ అదే పాఠం చెప్పాలి. ఎవరో నడిపించారంటే పాఠంలో తప్పులేదు. తనే నడిచిందంటే... ఆ కేక వెయ్యమని ఇంకొకడికి చెప్పడానికి నాకు నోరు రాదు.”

అంతకుమించి చెప్పలేదు. అన్నీ చెబితే ఎదుటివాళ్లు జాలిపడి మెత్తగా మాట్లాడతారు. అతనికి కావలసింది జాలి కాదు.

“తనే నడిసింది,” అంది లక్ష్మణమ్మ. “కడుపు పట్టుకొని ముడుసుకుపోయి పడున్నాది. కదలకు, ఆ బాబే నీ దగ్గరికొస్తాడని సెప్పినాను. ఇననేదు. నా బుజమైనా పట్టుకోనేదు. పళ్లు బిగబట్టి, ఒక్కో అడుగూ ఏసుకుంటా ఎల్లి కూకున్నాది.”

ధనరాజ్ ముందుకు వంగాడు. “కడుపులో అంతా రక్తం నిండిపోయిందని పోస్టుమార్టంలో రాశారు. అక్కడే పడుంటే నేను చూసేవాణ్ణి. కుంకుమ పెట్టేవాణ్ణి. మొదటి అంబులెన్సులోనే ఎక్కించేవాణ్ణి. బతికుండేది పిన్నీ!”

“ఒక్కడివి ఎంతమందిని సూస్తావు? నీ తప్పేటున్నాది?”

“కల్వర్టు దగ్గరైనా నన్ను పిలవాల్సింది.”

“పిలవబోనాను. నా నోరు మూసీసినాది. ‘పనిలో ఉన్నాడు, గాబరా పెట్టకు, ఆళ్లకి నాకంటే పెద్ద దెబ్బలు తగిలినాయి’ అన్నాది. నువ్వు అటూ ఇటూ పరిగెడతంటే నిన్నే సూస్తా కూకున్నాది. గుక్కెడు నీళ్లు తాగి నా ఒళ్లో తలెట్టినాది. అంతే.”

ధనరాజ్ కళ్లు నేలమీదే ఉన్నాయి.

“మంచి మనిషి,” అన్నాడు గంగులు. “కొండమీద ఊర్లో కొడుక్కి పిల్లని సూసి వస్తన్నానని బస్సులో సెప్పినాది. కొడుక్కి సెప్పకుండా ఎల్లిందట. సెప్తే ఒప్పుకోడని ఒకటే నవ్వు.”

“మరెందుకు లేచింది?” ధనరాజ్ గొంతు ఒక్కసారిగా పెరిగింది. “నడవగలిగినవాళ్లని కదా రమ్మన్నది! నడవలేని మనిషి ఎందుకు లేవాలి?”

“అదే నాకూ అంతు సిక్కనేదు బాబూ,” అంది లక్ష్మణమ్మ, చెంగుతో కళ్లు ఒత్తుకుంటూ. “అంతసేపూ మూలుగుతా పడున్నాది. ఉన్నట్టుండి కళ్లు తెరిసి, ‘నా కొడుకు పిలుస్తన్నాడు, ఎల్లాల’ అనీసి లెగిసిపోనాది. దెబ్బకి మతి సలించినాదనుకున్నాను. ఆ కొండల్లో ఆయమ్మ కొడుకెక్కడున్నాడు? ఎవుడు పిలిసినాడు?”

“పిలిచింది నేనే పిన్నీ,” అన్నాడు ధనరాజ్, కొత్త గుండుమీంచి టోపీ తీస్తూ.