చెరువు కంతకు తాబేలు డిప్ప

మా చెరువు గట్టుకు కంత పడితే నీళ్లు ఆపింది ఎవరనుకున్నారు? ఈ తాబేలు తాతే! ఆ పోటుకు ఏనుగైనా గడ్డిపరకలా కొట్టుకుపోయేది. నేను డిప్ప అడ్డంపెట్టి కూర్చున్నాను. ఒక్క చుక్క బయటికి పోతే ఒట్టు!

"కంత పూడ్చాలి, తలో చెయ్యి వెయ్యండి" అన్నాను.

"మధ్యాహ్నం కాసేపు పొర్లి పోయేదాన్ని, నాకెందుకు తాతా?" అంది గేదె.

"నాకు మోకాలి లోతు చాలు. లోతు కావలసినవాళ్లే పూడ్చుకోవాలి" అంది కొంగ. "అయినా నీ అంత వీరుడుండగా మాకేం భయం?"

ఆ మాటకు నా డిప్ప కొండంత ఉబ్బింది. తిండి మాని అక్కడే కూర్చున్నాను. వాళ్లు రోజూ వచ్చి నన్ను పొగిడేవాళ్లు. గేదె పొర్లేది, కొంగ చేపలు తినేది. పిడికెడు మట్టి తెచ్చినవాళ్లు లేరు.

చివరికి నా కడుపు కాలింది. "వీరుడికి ఆకలేస్తోందర్రా" అని లేచాను.

నీళ్లు బుసబుసా పోయాయి. గేదె వీపు ఎండకు మాడింది. కొంగ చూస్తుండగానే చేపలన్నీ కంతలోంచి జారి వాగులో పడ్డాయి.

"తాతా, కూర్చో తాతా!"

"ఇంక కూర్చోను. గడ్డీ మట్టీ పట్టుకురండి."

కొంగ ముక్కున గడ్డి తెచ్చి కంతలో కుక్కింది. గేదె ఒళ్లంతా బురద పూసుకొచ్చి దానిమీద రుద్దింది. పైన నేను నడిచి అణగదొక్కాను. నా అడుగుకు భూమి అదిరిందనుకోండి!

వానలు పడ్డాయి, ఇప్పుడు చెరువు నిండుగా ఉంది. నన్ను పొగిడేవాళ్లే లేరు. నడిచెరువులో హాయిగా మునకలేస్తూ, నన్ను నేనే పొగుడుకుంటున్నాను.