చేటలో కొండ

"ఈ కుప్పనే కొండ. పైనున్న ఈ వడ్లగింజలు పాకిస్తానోళ్లు. కింద ఈ నూక ఉన్నది చూడు, అది మీ శ్రీను," అన్నాడు కిషన్ రావు.

దమయంతి రాళ్లేరుతున్న బియ్యం చేటను లాక్కుని మరీ చూపిస్తున్నాడాయన. కార్గిల్ మొదలైననాటినుంచి ఆ చిక్కడపల్లి గల్లీకి యుద్ధం చెప్పేది ఆయనే. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

ఇటుకలు మోసి వచ్చిన శ్రీను తల్లి కురుమమ్మ అది విని గడప దగ్గరే కూలబడింది.

"సారూ, మావోని మీదికొస్తరా ఆళ్లు?"

"రాకేం జేస్తరు? వాళ్ల కన్నంతా కొండకింది రోడ్డు మీదనే. పైనుంచి రాయి దొర్లిచ్చినా ఖతమే. మీవోడు ఎక్కేది గా కొండనే."

"జర మంచిమాట చెప్పరాదుండ్రి," అంది దమయంతి.

"ఫౌజంటే పెండ్లి బరాత్ అనుకున్నవా? ఉన్నదున్నట్టు చెప్పాలె."

"మరి మన నవీన్?"

చేట అంచున ఒక గింజను విడిగా పెట్టాడాయన. "మన కొడుకు ఎనుక రేషన్ స్టోర్ల ఉన్నడు. వాళ్ల తోపులు గంతదూరం అందయి. అందినా, పిండిబస్తాల మీద గుండ్లు ఖరాబ్ చేసుకుంటరా? పిచ్చోళ్లా ఏంది?"

ఫోన్ మోగింది. ఎవరో ఫౌజు ఆపరేటర్ హిందీలో కురుమమ్మను పిలవమన్నాడు. ఆమె ఉండే బస్తీలో ఫోనెక్కడిది? శ్రీను తన పల్టన్లో ఇచ్చిన నంబరు ఈ ఇంటిదే.

"ఏమైంది సాబ్? నాకు చెప్పండి."

"ఆమెకే చెప్పాలి. జల్దీ."

కిషన్ రావు రిసీవర్‌ను అరచేత్తో మూసి పెళ్లాం వైపు తిరిగాడు. "నేనన్లే?" ఆ ముఖంలో బాధకన్నా గెలుపే ఎక్కువ. "రా కురుమమ్మా. దిల్ గట్టి చేస్కో. పేపర్ల ఫోటో వేస్తరు మీవోనిది."

గోడ పట్టుకుని వచ్చింది పాపం. రిసీవర్ చెవికి ఆనించుకుంది. వింటూ వింటూ దమయంతి ముఖం చూసి, గభాలున కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడువకు. దేశానికిచ్చిన కొడుకుకు ఏడుస్తరా ఎవరన్న?" అన్నాడు కిషన్ రావు.

కురుమమ్మ రిసీవర్‌ను ఆయన ముందుకు చాపింది.

"లైన్ల ఉన్నది మా శ్రీనే సారూ. గుండ్లన్ని స్టోర్ మీదనే పడ్డయంట, నవీన్ బాబు ఇగ లేడంట... మీకెట్ల చెప్పాలెనో సమజ్ గాక నాకు చేసిండు."